ఆఫ్రికాలో నంబర్ వన్ ఎవరు? లెక్క మారితే పేరు మారుతుంది

2014 ఏప్రిల్ 6, ఆదివారం. అబూజాలో నైజీరియా గణాంకాల సంస్థ కొత్త లెక్క విడుదల చేసింది. దేశ జీడీపీ ఉన్నపళంగా 89 శాతం పెరిగి, 2013కు దాదాపు 51,000 కోట్ల డాలర్లని తేలింది. అప్పటిదాకా ఆఫ్రికాలో మొదటి స్థానంలో ఉన్న దక్షిణాఫ్రికాది 37,000 కోట్ల దరిదాపుల్లోనే ఉంది.

ఇందులో మాయేమీ లేదు. ఏ రంగానికి ఎంత వాటా ఇవ్వాలో ఒక ఆధార సంవత్సరాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఐదేళ్లకోసారి దాన్ని మార్చుకోవడం మంచి పద్ధతి. నైజీరియా 1990 దగ్గరే ఆగిపోయింది. అప్పట్లో ఆ దేశంలో ఉన్నవి సుమారు 3 లక్షల ఫోన్ లైన్లు. 2014 నాటికి మొబైల్ కనెక్షన్లు 10 కోట్లు దాటాయి. అయినా పాత లెక్కలో టెలికాం వాటా ఒక్క శాతం కూడా లేదు. ఆధార సంవత్సరం 2010కి మార్చగానే అది 8.7 శాతమైంది. లాగోస్‌లో ఏటా వందలకొద్దీ సినిమాలు తీసే నాలీవుడ్‌కూ పద్దులో చోటు దక్కింది. వ్యవసాయం వాటా 35 నుంచి 22 శాతానికి తగ్గింది. ఘనా 2010లోనే ఇలా లెక్క సవరించుకుని 60 శాతం పెరిగింది.

ఆ కిరీటం మాత్రం నిలకడగా లేదు. చమురు ధర పడిపోయి, 2016 జూన్‌లో నైజీరియా తన కరెన్సీ నైరా విలువను తగ్గించాల్సి వచ్చింది. ఆ ఆగస్టుకల్లా డాలర్ లెక్కలో దక్షిణాఫ్రికా మళ్లీ ముందుకొచ్చింది. తర్వాత నైజీరియా మరోసారి పైకెక్కింది. అసలు దెబ్బ 2023లో తగిలింది. కొత్త అధ్యక్షుడు టినుబు ప్రభుత్వం జూన్‌లో నైరా మారకపు రేటును మార్కెట్‌కే వదిలేసింది. డాలర్‌కు 460-470 ఉన్న రేటు 2024 మొదట్లో 1,500 దాటింది. నైరాల్లో చూస్తే ఆర్థిక వ్యవస్థ సుమారు 3 శాతం చొప్పున పెరుగుతూనే ఉంది, డాలర్లలోకి మార్చి చూస్తే సగానికి కుంగింది. 2024 ఏప్రిల్ అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) అంచనాల్లో దక్షిణాఫ్రికా, ఈజిప్టు, అల్జీరియాల తర్వాత నాలుగో స్థానం. అదే ఐఎంఎఫ్ కొనుగోలు శక్తి లెక్క, అంటే దేశాల మధ్య ధరల తేడాను సరిచేసి చూసే లెక్క, తీస్తే ఈజిప్టు, నైజీరియా ముందు, దక్షిణాఫ్రికా వెనుక! పత్రికల హెడ్డింగుల్లో మాత్రం డాలర్ లెక్కే కనిపిస్తుంది. రాసేవాళ్లకు అదే సులువు మరి.

2025 జూలైలో నైజీరియా ఆధార సంవత్సరాన్ని 2019కి మార్చింది. లెక్కకు అందని చిన్న వ్యాపారాలనూ ఈసారి బాగా పట్టుకున్నారు. 2024 జీడీపీ 24,300 కోట్ల డాలర్లని తేలింది, స్థానం మాత్రం నాలుగు దగ్గరే ఉంది. ప్రభుత్వానికి దక్కిన లాభం ఇంకోటి: పైసా తీర్చకుండానే జీడీపీతో పోలిస్తే అప్పు తక్కువగా కనిపించింది. కాకపోతే అదే భాగహారంలో, ముందే అంతంత మాత్రంగా ఉన్న పన్నుల వసూలు శాతం కూడా ఇంకాస్త కిందికి దిగింది.