ఏకాగ్రత, ఆశానిగ్రహం, నిరీక్షణ: కాపరిగా నేను తరచుగా వినే అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

కోనసీమలో కాలువ గట్టు మీద ఉన్న ఒక చిన్న సంఘానికి ఇరవై ఏళ్లకు పైగా కాపరిగా ఉన్నాను. ఈ ఏళ్లలో ప్రార్థన కోసం నా దగ్గరకు వచ్చినవారిలో ఎక్కువమంది చెప్పుకున్నవి మూడే బాధలు: ప్రార్థనలో మనసు నిలవడం లేదని, ఒక అలవాటును మానలేకపోతున్నామని, ఇక తమ బ్రతుకు మారుతుందన్న నమ్మకం పోయిందని. ఈ మూడింటినీ అపొస్తలుడైన పేతురు ఒకే వాక్యంలో కలిపి రాశాడు: "కాబట్టి మీ మనస్సు అను నడుముకట్టుకొని నిబ్బరమైన బుద్ధిగలవారై, యేసుక్రీస్తు ప్రత్యక్షమైనప్పుడు మీకు తేబడు కృపవిషయమై సంపూర్ణ నిరీక్షణ కలిగియుండుడి" (1 పేతురు 1:13). నేను విన్న అపోహలన్నీ దాదాపుగా ఈ వాక్యాన్ని తలక్రిందులుగా చదవడం వల్ల పుట్టినవే.

అపోహ: ముందు అలవాట్లు చక్కబెట్టుకోవాలి, ఆ తరువాతే దేవుని దగ్గర నిరీక్షణ ఉంచే అర్హత వస్తుంది.

వాస్తవం: ఈ వాక్యపు గ్రీకు మూలంలో ఆజ్ఞగా ఉన్న క్రియ ఒక్కటే, అది నిరీక్షించమనడం. నడుము కట్టుకోవడం, నిబ్బరంగా ఉండడం అనే రెండూ దాన్ని అంటిపెట్టుకుని నడిచే అసమాపక క్రియలు. మన తెలుగు అనువాదంలో ఈ అమరిక చెక్కుచెదరలేదు. "కట్టుకొని" దగ్గరా "గలవారై" దగ్గరా వాక్యం ఆగదు, "కలిగియుండుడి" దగ్గరే ఆగుతుంది. పైగా అదే అధ్యాయం మూడవ వచనంలో, ఏ ఆజ్ఞా ఇవ్వక ముందే, యేసుక్రీస్తు మృతులలోనుండి లేచుటవలన మనకు "జీవముతో కూడిన నిరీక్షణ" కలిగిందని పేతురు చెప్పి ఉన్నాడు. మూడుసార్లు తన ప్రభువును ఎరుగనని బొంకి, ఏడ్చి, తిరిగి నిలబెట్టబడినవాడు రాసిన మాట ఇది. అర్హత సంపాదించుకున్నాక నిరీక్షించాలన్నదే నియమమైతే, అందరికంటే ముందు పేతురే బయట ఉండేవాడు.

దీన్ని మా రైతులకు వివరించడం నాకు ఎన్నడూ కష్టం కాలేదు. వేసవిలో కాలువలు కట్టివేసిన రోజుల్లో, అడుగున బురద నెర్రెలిచ్చి ఉన్నప్పుడే, రైతు పలుగూ పారా పట్టుకుని తన చేలోకి వచ్చే బోదెలో పూడిక తీసుకుంటాడు. జూన్‌లో నీళ్లు వదులుతారన్న నమ్మకం అతన్ని ఎండలో నిలబెడుతుంది. బోదె తవ్వినందువల్ల గోదావరికి నీళ్లు రావు. నీళ్లు వస్తాయి గనుకనే బోదె తవ్వుతాడు. ఊడ్పులకు దిగే ఆడవాళ్లు చీర కుచ్చెళ్లు ఎగదోపుకునేదీ ముందున్న పనిని నమ్మే గదా. నిరీక్షణ ఎండిపోయిన మనిషికి నిగ్రహాన్ని మాత్రమే బోధించడం, నీళ్లు ఎన్నటికీ రావని చెప్పి బోదె తవ్వమన్నట్టు ఉంటుంది. కొన్నేళ్ల పాటు నా ప్రసంగాలు సరిగ్గా అలాగే సాగాయని ఇప్పుడు బాధతో ఒప్పుకుంటున్నాను.

అపోహ: ఆశానిగ్రహం అంటే కోరికలను చంపుకోవడం.

వాస్తవం: 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి కాకమునుపు ఈ నేల ఒక ఏడు వరదతోనూ మరొక ఏడు కరువుతోనూ నలిగిపోయింది, 1832-33 నాటి నందన కరువును మన పెద్దలు తరతరాలుగా చెప్పుకున్నారు. నది మాత్రం రెండు కాలాల్లోనూ అదే నది. సర్ ఆర్థర్ కాటన్ 1847లో పని మొదలుపెట్టినప్పుడు గోదావరిని ఎండబెట్టాలని తలపెట్టలేదు. నీటిమట్టాన్ని పైకెత్తి, కావలసినంత కాలువలకు మళ్లించి, మిగిలినదాన్ని సముద్రానికి పోనిచ్చాడు. గలతీ పత్రిక ఐదవ అధ్యాయంలో ఆత్మ ఫలంగా చెప్పిన ఆశానిగ్రహం కూడా ఈ పద్ధతిలోనిదేనని నా అవగాహన. ఆకలి, కోపం, శరీర వాంఛ, సంపాదించాలన్న తపన అనేవి దేవుడు చేసిన మనిషిలో ఉన్న బలాలు. వాటికి తూము, తలుపు, ఆ తలుపు ఎప్పుడు ఎత్తాలో తెలిసిన లస్కరు కావాలి. "ప్రాకారము లేక పాడైన పురము ఎంతో తన మనస్సును అణచుకొనలేనివాడును అంతే" అని సామెతల గ్రంథం (25:28) చెప్పినప్పుడు, ప్రాకారం లోపల ఒక ఊరు బ్రతికి ఉండాలనే ఉద్దేశం అందులో ఉంది.

తలుపు వేయడానికి ఒక సమయం ఉంటుంది, వరద వచ్చి మీద పడ్డాక తలుపు దిగదు. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరి దగ్గరా గుండాట దగ్గరా డబ్బు పోగొట్టుకున్న యువకులను ఏటా చూస్తున్నాను. వారిలో చాలామంది ఆడాలని వెళ్లినవారు కారు. చూసి వద్దామని వెళ్లి, అక్కడ నిలబడి తమను తాము ఆపుకోగలమనుకున్నారు. అందుకని మేము డిసెంబరులోనే కూర్చుని మాట్లాడుకుంటాము: భోగి రోజు ఎవరింట్లో ఉంటావు, చేతిలో ఎంత డబ్బు ఉంచుకుంటావు, స్నేహితుడు బండి తెచ్చి రమ్మంటే ఏమి జవాబిస్తావు. యోసేపు తనను పాపానికి లాగిన పోతీఫరు భార్యతో వాదించి గెలవలేదు, వస్త్రం ఆమె చేతిలో వదిలి పారిపోయాడు.

అపోహ: ఆశానిగ్రహం ఆత్మ ఫలం గనుక మన ప్రయత్నం అక్కరలేదు.

వాస్తవం: "మీమట్టుకు మీరు పూర్ణజాగ్రత్తగలవారై" అని చెప్పిన తరువాతే పేతురు తన రెండవ పత్రికలో విశ్వాసానికి సద్గుణాన్ని, జ్ఞానాన్ని, ఆశానిగ్రహాన్ని జత చేయమన్నాడు. కొబ్బరి మొక్కకు కాపు మనం ఇవ్వలేము. నీళ్లు పెట్టడం, కొమ్ము పురుగు పట్టిందేమో చూడడం మాత్రం మన పనే.

అపోహ: మనసు చెదిరిందంటే భక్తి లేనట్టే, గంటల తరబడి ప్రార్థించగలిగినవారికే ఏకాగ్రత ఉంటుంది.

వాస్తవం: గెత్సేమనేలో శిష్యులు నిద్రపోయినప్పుడు ప్రభువు "ఆత్మ సిద్ధమే గాని శరీరము బలహీనము" అన్నాడు, ఆ మాటలో హెచ్చరికతో పాటు కనికరం కూడా ఉంది. రాత్రంతా రొయ్యల చెరువు మీద కాపలా ఉండి వచ్చినవాడు తెల్లవారి ప్రార్థనలో కునుకు తీస్తే నేను తప్పుపట్టను. అలాంటివారికి నేను చెప్పేది ఇంతే: ఒక్క కీర్తన తీసుకుని, బయటకు వినబడేలా, నెమ్మదిగా చదవండి, మనసు జారిన చోటు నుంచే మళ్లీ మొదలుపెట్టండి, అంతసేపూ ఫోను వేరే గదిలో ఉంచండి. వాక్యాన్ని ఫోనులోనే చదువుతామనేవారు నెలరోజుల పాటు అచ్చు బైబిలు పట్టుకుని చూడాలని బ్రతిమాలుతున్నాను, ఎందుకంటే వాక్యం పక్కనే వచ్చి పడే సందేశాలు మనసును మార్త మనసులా చేస్తాయి: అనేకమైన పనుల గురించి విచారం, తొందర.

అపోహ: నిరీక్షణ అంటే ఈ ఏడాది అంతా మంచే జరుగుతుందన్న నమ్మకం.

వాస్తవం: డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏటికి ఒక బైబిలు వచనం ఉన్న వాగ్దాన కార్డు తీసుకోవడం మన సంఘాల్లో ఎంతో ప్రియమైన ఆచారం, దాన్ని నేను తీసిపారేయడం లేదు. అయితే ఆ కార్డుల మీద ఎక్కువగా కనిపించే యిర్మీయా 29:11 ఎవరికి రాయబడిందో ప్రతి సంవత్సరమూ గుర్తుచేస్తాను. ఇల్లూ దేవాలయమూ విడిచి బబులోనుకు చెరగా కొనిపోబడినవారికి అది వెళ్లిన ఉత్తరం. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న మాటకు ముందు వచనంలోనే డెబ్బది సంవత్సరాల గడువు ఉంది. అంతకు ముందు, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి అన్న ఆజ్ఞ ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవారిలో చాలామంది తిరుగు ప్రయాణం చూడలేదు, అయినా వారికి ఇవ్వబడినది నిజమైన నిరీక్షణే. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో కోనసీమ కొబ్బరి తోటలు నేలకూలినప్పుడు, ఆ ఏటి కార్డును మాత్రమే పట్టుకున్నవారి విశ్వాసం ఏమైపోయి ఉంటుందో ఊహించండి. పేతురు మన నిరీక్షణను జనవరికీ డిసెంబరుకూ మధ్య ఉంచలేదు, "యేసుక్రీస్తు ప్రత్యక్షమైనప్పుడు" తేబడే కృప మీద ఉంచాడు. నరసాపురం, అంతర్వేది పక్క పడవ నడిపేవారికి తెలుసు, లంగరు పట్టు కంటికి కనబడని అడుగున ఉంటుందని. హెబ్రీ పత్రిక ఆరవ అధ్యాయం నిరీక్షణను లంగరుతో పోల్చి, అది దేవుని సన్నిధి ఉన్న తెరలోపలికి ప్రవేశిస్తుందని చెప్పింది.

అపోహ: విశ్వాసం ఉంటే మద్యం ఒక్కరోజులో మానేయవచ్చు, వైద్యుడి దగ్గరకు వెళ్లడం అవిశ్వాసం.

వాస్తవం: ఇది ప్రాణం తీయగల అపోహ. చాలా ఏళ్ల క్రితం, రోజూ విపరీతంగా తాగే ఒక సోదరునితో నేనే ప్రార్థించి, ఆ రాత్రి నుంచే మానేయమన్నాను. ఆయన నా మాట విన్నాడు. రెండవ రోజు చేతులు వణికాయి, మరుసటి రోజు మూర్ఛ వచ్చింది, ఎవరో గదిలో తిరుగుతున్నారని కేకలు వేశాడు. దయ్యం పట్టిందని ఇంటివారు నన్ను పిలిచారు. ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్లాక వైద్యులు చెప్పారు, దీర్ఘకాలం ఎక్కువగా తాగినవారి శరీరం హఠాత్తుగా మద్యం అందకపోతే ఇలాగే తిరగబడుతుందని, మందులతో పర్యవేక్షణలో మాన్పించాలని. ఆయన బ్రతికారు. నా అజ్ఞానం వల్ల ఆయన కుటుంబం బాధపడిన ఆ రాత్రి నన్ను ఇప్పటికీ వదలలేదు.

బదరీ వృక్షం కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందుగా తెచ్చినది రొట్టె, నీళ్లు, ఇంకొంత నిద్ర. హోరేబు కొండ దగ్గర స్వరం ఆ తరువాత వినబడింది. అందుకే ఇప్పుడు మా దగ్గర ఎవరైనా మానతామని వస్తే ముందు వైద్యుడికి చూపిస్తాము, మనసు కృంగి చావు మాటలు మాట్లాడేవారి ఇంటివారికి ఫోనులో మానసిక ఆరోగ్య సహాయం అందించే టెలి మానస్ నంబరు 14416 రాసి ఇస్తాము. ఆసుపత్రిలో తోడు కూర్చునే వంతుల పట్టీ ఒకటి సంఘంలో రాసుకున్నాము. రాత్రి వంతుకు ఇద్దరు, పగలు ఒకరు. ఆ పట్టీలో రాత్రి వంతుకు ముందుగా పేరు రాయించుకునేది ఆ సోదరుడే.