చుర్రో ఉన్ని, నవాహో మగ్గం

అమెరికా నైరుతి భాగాన అరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాల్లో విస్తరించిన, నవాహో అనే ఆదివాసీ ప్రజల ప్రాంతానికి గొర్రెలను తెచ్చినవారు స్పానిష్ వలసదారులు. ఆ చుర్రా జాతి గొర్రెలే తరతరాలుగా అక్కడి ఎండకూ అరకొర మేతకూ అలవాటుపడి, నవాహో-చుర్రో అనే జాతిగా స్థిరపడ్డాయి. కొన్ని పొట్టేళ్లకు నాలుగేసి కొమ్ములుంటాయి. చూడవచ్చినవారు ఆ కొమ్ములనే చూస్తారు గానీ, నేతగత్తెల చూపు ఉన్ని మీదే ఉంటుంది.

చుర్రో ఉన్ని రెండు పొరలుగా పెరుగుతుంది. లోపలిది 3 నుంచి 5 అంగుళాల మెత్తని పొర, పైది అంతకు రెండింతలకు పైగా పొడవుండే ముతక పొర. రెండూ కలిపి వడికిన నూలుకు మెత్తదనమూ వస్తుంది, గట్టిదనమూ వస్తుంది. పైగా ఈ ఉన్నిలో జిడ్డు తక్కువ కాబట్టి కడగడానికి నీళ్లు పెద్దగా అక్కర్లేదు. బిందెడు నీటి కోసం దూరం పోవలసిన ఎడారిలో ఇది చిన్న సౌకర్యం కాదు. ఏకిన ఉన్నిని, పొడవాటి కదురును తొడ మీద దొర్లిస్తూ నూలుగా వడుకుతారు. నిలువు మగ్గం మీద పడుగును తెగని ఒకే దారంతో పోసి, పేకను కొయ్య దువ్వెనతో పడుగు కనిపించనంత బిగువుగా కొడతారు. పడుగును ఎక్కడా కోయరు కనుక నేసిన దుప్పటికి నాలుగు అంచులూ మూసుకునే వస్తాయి. న్యూ మెక్సికోలోని టూ గ్రే హిల్స్ అనే చోటి పేరుతో పిలిచే తివాచీల్లోని తెలుపు, గోధుమ, బూడిద రంగులు చాలావరకు గొర్రె ఒంటి రంగులే.

నవాహోల్లో వంశం తల్లి వైపు నుంచి సాగుతుంది. మందలో ఆడవారికి సొంత గొర్రెలుంటాయి, నేత తల్లి దగ్గరో అమ్మమ్మ దగ్గరో అబ్బుతుంది. గొర్రెను కోసిననాడు కొవ్వుకు పేగు చుట్టి నిప్పుల మీద కాలుస్తారు, తోలు పరుపవుతుంది. ఏదీ వృథా పోదు.

ఇంతటి ఆధారం రెండుసార్లు కూలింది. 1860ల్లో అమెరికా సైన్యం మందలను నాశనం చేసి, నవాహోలను న్యూ మెక్సికోలోని బోస్కే రెడోండో అనే నిర్బంధ స్థలానికి నడిపించింది. వారిని తిరిగి సొంతగడ్డకు పోనిచ్చిన 1868 ఒప్పందంలో 15,000 గొర్రెలు, మేకలు కొనిస్తామని ప్రభుత్వం రాసిచ్చింది. 1930ల్లో, అతిగా మేయడం వల్ల నేల కోతకు గురై హూవర్ ఆనకట్ట జలాశయం పూడిపోతుందన్న భయంతో అదే ప్రభుత్వం లక్షలాది పశువులను తగ్గించింది. నేల కోత నిజమే. కానీ మందే సంసారమైన ఇళ్లలో ఆ లెక్క ఎంత క్రూరంగా పడిందో అధికారులు పట్టించుకోలేదు.

మేలుజాతి పేరిట తెచ్చిన రాంబూయే గొర్రెల ఉన్ని సన్నగా, జిడ్డుగా ఉండి చేతితో వడకడానికి లొంగలేదు. నేతకు పనికొచ్చే ఉన్ని కోసం ఫోర్ట్ వింగేట్‌లో ప్రభుత్వమే సంకర ప్రయోగాలు చేయవలసి వచ్చింది. చివరికి 1977లో పశుశాస్త్రవేత్త లైల్ మెక్‌నీల్, మారుమూల మందల్లో మిగిలిన చుర్రోలను వెతికి పట్టి, వాటి సంతతిని పెంచి నవాహో కుటుంబాలకు తిరిగి అందించే పని మొదలుపెట్టారు.