మూత తీసిన ట్యాంకులోకి ఎవరూ దిగకండి: రెస్క్యూ శిక్షణపై అపోహలు - వాస్తవాలు

సెప్టిక్ ట్యాంకులో మనిషి పడ్డాడని ఫోను వచ్చి మా బండి వెళ్లిన ప్రతిచోటా ఒకటే మాట ఎదురవుతుంది. "మీరు ఆ సిలిండర్లు తగిలించుకుని, ఆ గ్యాస్ మీటరు దింపి చూసుకునేలోపు ప్రాణం పోతుంది. ఎవరో ఒకరు దిగండి బాబూ!" ఒడిశా పర్లాకిమిడిలో తెలుగులో అంటారు. గుణుపురం దాటి లోపలి ఊళ్లకు వెళితే ఒడియాలోనో సవర భాషలోనో అంటారు. మాట మాత్రం అదే. అంటున్నవాళ్ల మీద నాకు కోపం లేదు. కన్నకొడుకు కళ్ల ముందు పడి ఉంటే ఎవరైనా అలాగే అరుస్తారు. నా కోపమంతా ఆ మాట నిజమని ఊరూరా నమ్మించిన పుకార్ల మీద.

ఫైర్ స్టేషన్ సిబ్బందికీ, రాయగడ వైపు ఫ్యాక్టరీల ఎమర్జెన్సీ బృందాలకూ కన్‌ఫైన్డ్ స్పేస్ (ట్యాంకు, బావి లాంటి గాలి ఆడని ఇరుకు చోటు), తాడు, వరద రెస్క్యూ నేర్పడం నా పని. కోర్సుకు వచ్చే కుర్రవాళ్లలోనూ సగం మంది ఈ పుకార్లను మూటగట్టుకునే వస్తారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఎవరైనా వెంటనే దిగి లాగితే పడినవాడు బతుకుతాడు

అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు తీసేది ఇదే. అమెరికాలో వృత్తి భద్రతపై పరిశోధన చేసే నియోష్ సంస్థ 1986లోనే ఒక హెచ్చరిక విడుదల చేసింది. కన్‌ఫైన్డ్ స్పేస్ మరణాల్లో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లవేనని అందులో రాసింది. మన దగ్గర పేపరు తిరగేసినా అదే కథ కనిపిస్తుంది: ముందు కూలి, వెనకాల మేస్త్రి, ఆ వెనకాల ఇంటివాళ్లు.

ఎందుకిలా జరుగుతుంది? మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది. 19.5 కంటే తగ్గితే వీపున గాలి సిలిండరు, ముఖానికి మాస్కు ఉండే బ్రీదింగ్ సెట్ లేకుండా మా వాళ్లెవరినీ లోపలికి పంపం. 10 శాతం దగ్గరకు వస్తే మనిషి స్పృహ తప్పుతాడు. 6 కంటే తగ్గితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. అంత పలచబడిన గాలిని రెండు మూడు సార్లు పీలిస్తే చాలు, రక్తంలో ఉన్న ఆక్సిజన్ కూడా ఊపిరితిత్తుల్లోంచి బయటికి పోతుంది. ఇక్కడ ఇంకో మోసం ఉంది. ఊపిరాడటం లేదని మన ఒంటికి తెలియజేసేది ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ పెరగడం. ఆక్సిజన్ తగ్గితే ఆ సంగతి ఒంటికి అంతగా తెలియదు. "ఊపిరాడకపోతే వెంటనే పైకి వచ్చేస్తాను" అని చెప్పి దిగినవాడికి ఆ కబురు అందేలోపే కాళ్లు సడలిపోతాయి. పైనున్నవాళ్లకు జారి పడ్డాడేమో అనిపిస్తుంది. ఇంకొకరు దిగుతారు.

"ఊపిరి బిగపట్టి దిగుతాను" అనేవాళ్లకు నేను కోర్సులో ఒక పని అప్పజెబుతాను. మనిషి బరువున్న బొమ్మను నేలమీద పడేసి, శుభ్రమైన గాలిలోనే, ఊపిరి బిగపట్టి రెండడుగుల చదరపు కంతలోంచి పైకి ఎత్తమంటాను. దేహదారుఢ్యంలో అందరికంటే ముందున్న కుర్రాడు కూడా ఆ బొమ్మ చంకల కింద చేతులు సరిగ్గా పోనిచ్చేలోపే నోరు తెరిచి గాలి పీలుస్తాడు. స్పృహలేని శరీరానికి పట్టు దొరకదు. చేతులు జారిపోతాయి, తల వెనక్కి వాలిపోతుంది, నడుము కంతలో ఇరుక్కుంటుంది. ఒకసారి అది ఎత్తి చూసినవాడు మళ్లీ ఆ మాట అనడు.

గుణుపురం దగ్గర ఒక ఊరి సంగతి చెబుతాను. కొత్త ఇల్లు, కొత్త ట్యాంకు. స్లాబు పోసి కొన్ని వారాలయింది. సెంట్రింగ్ చెక్కలు విప్పడానికి మేస్త్రి దగ్గర పనిచేసే కుర్రాడు దిగాడు. పలకలేదు. ఇంటాయన తమ్ముడు పరుగున వచ్చి దిగాడు. అతనూ పలకలేదు. ఇంటాయన కంతలో కాలు పెట్టేసరికి వాళ్ల అత్తగారు వెనకనుంచి నడుము పట్టుకుని వదల్లేదట. మేము వెళ్లి గొట్టం దింపి చూస్తే, అంచు దగ్గర 20.9 చూపిన మీటరు అడుగుకు చేరేసరికి 7 దగ్గరకు పడి మోగడం మొదలుపెట్టింది. బ్రీదింగ్ సెట్లతో దిగి ఇద్దరినీ పైకి తెచ్చాం. ఇద్దరూ దక్కలేదు.

తర్వాత ఊళ్లో ఆ ఇంటాయన గురించి గుసగుసలు మొదలయ్యాయి, తమ్ముడు లోపల ఉంటే అన్న బయట నిలబడ్డాడని. ఆయన తిండి మానేశాడని తెలిసి వెళ్లాను. "అయ్యా, మీరు దిగి ఉంటే నేను ముగ్గురిని తీయాల్సి వచ్చేది. మీ పిల్లలకు ఈరోజు తండ్రి ఉన్నాడంటే మీ అత్తగారు పట్టుకోబట్టే" అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇలా గట్టుమీద ఆగిపోయి ఏళ్ల తరబడి కుమిలిపోతున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లందరికీ ఇక్కడే చెబుతున్నాను: మీరు పిరికివాళ్లు కారు. రెస్క్యూ కోర్సులో మొదటి రోజు మేము నేర్పేది మీరు చేసినదే.

పైనుండి చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. 112కి గాని 101కి గాని ఫోను చేసి "ట్యాంకులో మనిషి" అని స్పష్టంగా చెప్పండి. "ప్రమాదం" అని మాత్రమే చెబితే బ్రీదింగ్ సెట్లు, ట్రైపాడ్ (కంతపైన నిలిపే మూడు కాళ్ల స్టాండు) లేని బండి రావచ్చు. లోపల ఎంతమంది ఉన్నారో, ఎంత లోతుందో చెప్పండి. ఇంకో మూత ఉంటే అదీ తెరవండి. గాలి ఊదే బ్లోయర్ దొరికితే బయటి శుభ్రమైన గాలిని గొట్టంతో అడుగుదాకా పంపండి. నిప్పురవ్వ పుట్టించే ఏ యంత్రాన్నీ కంత దగ్గరకు రానివ్వకండి. బైకులు, జనరేటర్ దూరంగా ఉంచండి, వాటి పొగ లోపలికే పోతుంది. లోపలివాడికి స్పృహ ఉంటే ఉచ్చు వేసిన తాడు దింపి, చంకల కిందుగా వేసుకోమని కేకవేయండి. కంత చుట్టూ ఇద్దరు గట్టివాళ్లను నిలబెట్టి ఇంకెవరూ దిగకుండా చూడండి. ఆ కాపలా కూడా రెస్క్యూలో భాగమే. పైకి తీశాక ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతున నొక్కుతూ ఉండాలి, అంబులెన్స్ వచ్చేదాకా.

అపోహ: కొత్త ట్యాంకులో మురుగే పడలేదు, గ్యాస్ ఎక్కడినుంచి వస్తుంది?

పై సంఘటనలో అందరూ నన్ను అడిగింది ఇదే. స్లాబు పోశాక కంతను రేకుతోనో పలకతోనో మూసేస్తారు. లోపల క్యూరింగ్ నీళ్లు, వాన నీళ్లు నిలుస్తాయి. తడిసిన చెక్కలు, వెదురు, గోనె పట్టాలు కుళ్లుతాయి. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఉన్న ఆక్సిజన్‌ను తినేసి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. అది గాలికంటే బరువు, అడుగునే కూర్చుంటుంది. అంటే విషవాయువే ఉండనక్కర్లేదు, ఆక్సిజన్ లేకపోతే చాలు. ఇల్లు కట్టిస్తున్నవాళ్లకు నా మనవి ఒక్కటే. సెంట్రింగ్ విప్పే రోజున కంతలన్నీ ముందుగానే తెరిపించి, నీళ్లు తోడించి, బ్లోయర్ గాలి పెట్టించి, మీటరుతో చూపించాకే మనిషిని దింపనివ్వండి. లోపల పని సాగినంతసేపూ గాలి ఆపవద్దు. మేస్త్రి వద్దన్నా వినకండి.

వాడుకలో ఉన్న ట్యాంకయితే ఇంకా ఘోరం. అడుగున ఉన్న బురదను కర్రతో కదిపితే అందులో ఇమిడి ఉన్న హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఒక్కసారిగా పైకి లేస్తుంది. దిగేముందు చూసిన రీడింగు అప్పుడు పనికిరాదు. మీటరు ఒంటిమీదే ఉండాలి, మోగుతూ చెబుతూ ఉండాలి. అసలు అలాంటి ట్యాంకులోకి రక్షణ లేకుండా మనిషిని దింపి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి మాన్యువల్ స్కావెంజర్ల చట్టం నిషేధించింది. మురుగుకాల్వ పనిలో చనిపోతే 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. "తనంతట తానే ఒప్పుకుని దిగాడు" అని కాగితం రాయించుకుంటే తప్పించుకోవచ్చనుకునే కాంట్రాక్టర్లు ఈ ముక్క రెండుసార్లు చదవాలి.

మిగతావి, వరసగా

దీపం దింపి చూస్తే తెలుస్తుందంటారు. ఆక్సిజన్ 16 శాతం దగ్గరకు తగ్గితే దీపం ఆరుతుంది, అంతవరకు నిజం. కానీ మనిషిని చంపే మోతాదులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నా దీపం హాయిగా వెలుగుతుంది. మురుగులో పుట్టే మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఆ దీపమే పేలుడుకు నిప్పు అవుతుంది.

వాసన లేదు కాబట్టి గ్యాస్ లేదంటారు. హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెమున్నప్పుడే కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు వంద) దాటితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. కంపు పోయిందంటే గ్యాస్ పోయిందని కాదు.

తడిగుడ్డ గాని, మందుల షాపు మాస్కు గాని, పురుగుమందు కొట్టేటప్పుడు పెట్టుకునే గుళికల మాస్కు గాని ఆక్సిజన్ తయారు చేయలేవు. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

వేపకొమ్మ కట్టి బావిలో పైకీ కిందికీ ఆడించడం మన ఊళ్లలో పాత అలవాటు. గాలి కాస్త కదులుతుంది. లోపల గాలి బాగుపడిందో లేదో మాత్రం కొమ్మ చెప్పలేదు.

వెల్డింగ్ షాపులోని ఆక్సిజన్ సిలిండరు తెచ్చి ట్యాంకులోకి వదిలేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆక్సిజన్ 23.5 శాతం దాటిన చోట చిన్న రవ్వకే బట్టలు భగ్గుమంటాయి.

ఎండాకాలంలో నేలబావిలోకి డీజిల్ ఇంజను దింపి నీళ్లు తోడతారు. ఆగిన ఇంజనును బాగుచేయడానికి దిగిన రైతు తిరిగి రాడు. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. ఇంజను పైనే పెట్టండి, లేదా కరెంటు మోటారు వాడండి.

నడుముకు తాడు కట్టుకుని దిగితే చాలంటారు. నడుము దగ్గర పట్టిన తాడు స్పృహలేని మనిషిని రెండుగా మడిచి కంతలో ఇరికిస్తుంది. ఒళ్లంతా పట్టే హార్నెస్, కంతపైన ట్రైపాడ్, దానికి తాడు చుట్టి పైకి లాగే విన్చ్ ఉండాలి. అవి ఉంటే లోపలికి రెండోవాడు దిగకుండానే మొదటివాడిని పైకి లాగవచ్చు.

అపోహ: సర్టిఫికెట్ వచ్చిందంటే రెస్క్యూ వచ్చినట్టే

ఈ రంగంలో శిక్షణకు మూడు మెట్లున్నాయి. అవేర్‌నెస్ అంటే ప్రమాదాన్ని గుర్తుపట్టి జనాన్ని ఆపి సరైన బృందాన్ని పిలవడం. ఆపరేషన్స్ అంటే పరిమితుల్లో పని చేయడం. టెక్నీషియన్ అంటే పూర్తి స్థాయి. మొదటి మెట్టు కోర్సు చేసి వచ్చిన కుర్రాడిని ఊరంతా "నువ్వు ట్రైనింగ్ అయ్యావు కదా, దిగు" అని ముందుకు తోయడం నా కళ్లతో చూశాను. ఆ కుర్రాడు దిగకుండా నిలబడ్డాడు. అదే అతను నేర్చుకున్న పాఠం, బాగా నేర్చుకున్నాడు.

బ్రీదింగ్ సెట్ ఉంటే భయం లేదనుకోవడం కూడా పొరపాటే. 6.8 లీటర్ల సిలిండరును 300 బార్ (గాలి పీడనం కొలత) దాకా నింపితే అందులో సుమారు రెండు వేల లీటర్ల గాలి ఉంటుంది. పనిచేసే మనిషి నిమిషానికి 40 లీటర్లు లాగుతాడు. చీకట్లో కంగారుపడితే 60 దాటుతుంది. 50 బార్ దగ్గర హెచ్చరిక ఈల మోగేసరికి బయటికి వచ్చి ఉండాలి. లెక్క వేసుకోండి, కంగారుపడితే అరగంట కూడా చేతికి దక్కదు. లోపల పడినవాడి మీద జాలితో తన మాస్కు తీసి అతనికి పెట్టాలనిపిస్తుంది. ఆ జాలి ఇద్దరినీ చంపుతుంది. అందుకే చీకటి గొట్టాల్లో, కళ్లకు గంతలు కట్టి మళ్లీ మళ్లీ పాకే అభ్యాసం చేయిస్తాం. చేయకపోతే ముడులు మరిచిపోతాయి, చేతులు తడబడతాయి. ఏడాదిపాటు తాడు పట్టనివాడు తన సర్టిఫికెట్ చూసి ధైర్యం తెచ్చుకోకూడదు.

ఇవన్నీ పెద్ద నగరాలవాళ్ల చదువులు, మనకెందుకనే మాట కూడా వింటుంటాను. నాగపూర్‌లో నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీ ఉంది. 1999 సూపర్ సైక్లోన్ దెబ్బకు ఒడిశా తనకంటూ ఓడ్రాఫ్ అనే విపత్తు సహాయ దళాన్ని తయారుచేసుకుంది. కటక్ దగ్గర ముండలిలో జాతీయ విపత్తు దళం ఎన్డీఆర్ఎఫ్ మూడో బెటాలియన్ ఉంది. కానీ ముండలి నుంచి మన మూలకు బండి రావాలంటే గంటలు పడుతుంది. ట్యాంకులో పడినవాడికి అంత సమయం ఉండదు. కాబట్టి తాలూకా ఫైర్ స్టేషన్‌లోనే ఈ విద్య ఉండాలి.

వంశధార, మహేంద్రతనయ గట్లమీద ఉన్నవాళ్లకు ఇంకొక్కమాట. ఈత వచ్చినంత మాత్రాన వరదలో రక్షించలేరు. ముందు కర్ర అందించాలి, తర్వాత తాడు విసరాలి, తర్వాత పడవ. నీళ్లలోకి దిగడం అన్నిటికంటే చివరిది, అదీ లైఫ్ జాకెట్ వేసుకున్న శిక్షితులకే.

కొడుకును కోర్సుకు పంపుతున్న తల్లులు నాకు ఫోను చేసి "అక్కడ ప్రమాదం ఏమీ ఉండదు కదా, బాబూ?" అని అడుగుతారు. అడగడం సబబే. కోర్సు నడిపేవాళ్లను మీరే అడగండి: గ్యాస్ మీటరును రోజూ పరీక్షా గ్యాస్ పెట్టి చూస్తారా? అభ్యాసం చేయించే గోతిలో నిజమైన మురుగు గాని, మూసిన గాలి గాని లేకుండా చూసుకుంటారా? తాడు మీద వేలాడేవాడికి రెండో తాడు కడతారా? కంత దగ్గర ఎప్పుడూ ఒకరు కాపలా ఉంటారా? అంబులెన్స్ ఎక్కడ నిలుపుతారు? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పినవాళ్ల దగ్గరకు పంపండి. "మా దగ్గర అలాంటివి జరగవమ్మా" అని తోసిపుచ్చేవాళ్ల దగ్గరకు వద్దు.