ఓడలో రెండో దారి నిజంగా రెండో దారేనా?

2010 నవంబర్ 8న మెక్సికో తీరానికి దగ్గర్లో కార్నివల్ స్ప్లెండర్ అనే ప్రయాణికుల ఓడలో ఐదో నంబరు డీజిల్ జనరేటర్ దెబ్బతిని, వెనక ఇంజిన్ గదిలో మంటలు లేచాయి. ముందు ఇంజిన్ గదికి ఏమీ కాలేదు. అయినా అక్కడి జనరేటర్లను మళ్లీ నడపలేకపోయారు. కారణం, వెనక గదిలో పైన సాగే కేబుళ్లు కాలిపోవడమే. నాలుగు వేలమందికి పైగా ఉన్న ఓడను టగ్‌లు శాన్ డియేగోకి లాక్కొచ్చాయి.

ఒక దారి తెగినా పని ఆగకూడదనే ఓడలో కరెంటుకీ నీళ్లకీ రెండో దారి పెడతారు. రెండు బిందువుల మధ్య, ఎక్కడా కలవని దారులు ఎన్ని ఉంటే వాటిని విడదీయడానికి కనీసం అన్ని చోట్ల తెంచాలని 1927లో గణిత శాస్త్రవేత్త కార్ల్ మెంగర్ నిరూపించాడు. చిక్కంతా ఆ బిందువులు ఏవన్న దగ్గరే ఉంది. కరెంటు పటంలో విడివిడిగా కనిపించే రెండు కేబుళ్లు ఒకే గదిలోంచి పోతుంటే, మంటల లెక్కలో అవి ఒకటే. అందుకే ప్రతి కేబులు, ప్రతి పైపు ఏయే గదులు దాటుతుందో చిట్టా రాయాలి. తర్వాత ఒక్కో గదినీ, అందులోంచి పోయేవన్నిటినీ చెరిపేసి, స్టీరింగుకీ పంపులకీ కరెంటు ఇంకా అందుతుందా అని చూడాలి. 200 గదులుంటే 200 పరీక్షలు. రెండేసి గదులు పోతే అన్నది కూడా చూస్తే 19,900. కంప్యూటరుకి ఇది పెద్ద పనేం కాదు.

మంటలార్పే నీళ్లని రింగులా చుట్టూ తిప్పే పైపు, అంటే రింగ్ మెయిన్‌లో వాల్వులే కీలకం. హైడ్రంట్లకి, అంటే గొట్టం తగిలించే కుళాయిలకి, పోయే ఎనిమిది కొమ్మలున్న రింగుకి నాలుగే వాల్వులు సమదూరంలో పెడితే, ఒక్క చోట పగిలినా దానికి రెండు పక్కలున్న వాల్వులు మూయాలి, దాంతో రెండు కొమ్మలు ఎండిపోతాయి. పగిలింది పంపు కలిసే ముక్కే అయితే పంపూ పోయినట్టే. కాబట్టి పంపు కలిసే చోట రెండు పక్కలా వాల్వు ఉండాలి. రెండో చోట కూడా పగిలితే రింగు రెండు ముక్కలవుతుంది. రింగుకి రెండు పంపులున్నా, రెండూ ఒకే ముక్కలో ఉంటే రెండో ముక్కకి చుక్క రాదు. అందుకే పంపులను ఎదురెదురు వైపుల, వేర్వేరు గదుల్లో పెడతారు. మోటారుతో తిరిగే వాల్వుకి కరెంటు ఏ బోర్డు నుంచి వస్తుందో ఆ గీత కూడా పటంలో పడాలి. ఆ బోర్డు మంటల గదిలోనే ఉంటే వాల్వు కదలదు.

ఇంకో ఉచ్చు ఉంది. జనరేటర్‌కి చల్లదనం సముద్రపు నీటి పంపు ఇస్తుంది, ఆ పంపుకి కరెంటు జనరేటర్ ఇస్తుంది. అంతా ఆగాక ఈ చక్రం తనంతట తాను మొదలవదు. అందుకే అత్యవసర జనరేటర్ ఇంజిన్ గదికి బయట, పై డెక్ మీద, చాలావరకు సొంత రేడియేటర్‌తో ఉంటుంది. సముద్రంలో ప్రాణరక్షణకి సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం సోలాస్ ప్రకారం అది 45 సెకన్లలోపు కరెంటు భారం అందుకోవాలి.

2010 జూలై 1 నుంచి నిర్మాణం మొదలైన పెద్ద ప్రయాణికుల ఓడలు, అగ్నిప్రమాదంలో ఒక గది పోయినా సొంత శక్తితో రేవు చేరగలగాలి. డిజైన్ ఎంత బాగున్నా, మరమ్మతుల్లో కొత్త కేబులుని దగ్గర్లో ఉన్న కేబుళ్ల ట్రేలోంచి లాగేస్తే రెండు దారులు చప్పుడు లేకుండా ఒకటైపోతాయి. ఓడలు మరమ్మతు చేసే డ్రైడాక్ వదిలేముందు ఆ చిట్టా తిరగరాసి, గదుల పరీక్ష మొదటినుంచీ మళ్లీ నడపాలి.