ఫైటర్ ఫిష్ తోక చిరిగితే మందు సీసా కన్నా ముందు నీళ్ళు చూడండి

మా ఇంట్లో నీలం రంగు ఫైటర్ ఫిష్ ఒకటుంది, పిల్లలు దానికి నీలూ అని పేరు పెట్టుకున్నారు. ఒక రోజు పొద్దున్నే మేత వేద్దామని వెళ్తే తోక చివర రెండు చీలికలు, మధ్యలో ఒక ముక్క ఊడిపోయి ఉంది, చీర కొంగు మేకుకి తగులుకుని చిరిగితే ఎలా ఉంటుందో అచ్చం అలా. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు, నేను వెంటనే షాపుకి వెళ్తే అక్కడాయన మూడు సీసాలు చేతిలో పెట్టాడు, పసుపుది ఒకటి, నీలంది ఒకటి, ఇంకోటి యాంటీబయాటిక్. మూడూ ఒకేసారి వేసెయ్యండి అన్నాడు. నేను ఏదీ వెయ్యలేదు, ఎందుకు వెయ్యలేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

అసలు విషయం ఏంటంటే చేప రెక్క దానంతట అదే మళ్ళీ పెరుగుతుంది, తోక కూడా ఒక రెక్కే. ఇది కొత్తగా కనిపెట్టింది కాదు, ఫ్రాన్స్‌కి చెందిన బ్రూసొనె అనే శాస్త్రవేత్త 1786లోనే కత్తిరించిన చేప రెక్కలు తిరిగి పెరగడం గురించి రాశాడు. మనకి వేలు తెగితే మచ్చ పడి గాయం మూసుకుంటుంది అంతే, పోయిన వేలు రాదు. చేపకి అలా కాదు. రెక్క అంటే గొడుగు అనుకోండి, పుల్లలు ఉంటాయి, పుల్లల మధ్య పల్చటి గుడ్డ లాంటి పొర ఉంటుంది. ఒక్కో పుల్లా నిజానికి రెండు సగం గొట్టాలు, దోసిలి పట్టినట్టు ఎదురెదురుగా ఉంటాయి, వాటి లోపల్నుంచి రక్తనాళాలు, నరాలు వెళ్తాయి. పొర మాత్రమే చీలితే తొందరగా అతుక్కుంటుంది, పుల్ల విరిగిపోతే ఆలస్యం.

పుల్ల తెగిన చోట ఏం జరుగుతుందో జీబ్రా ఫిష్ అనే చిన్న చారల చేప మీద బాగా చూశారు. మొదటి 24 గంటల్లోనే పక్కనున్న చర్మ కణాలు జరుక్కుంటూ వచ్చి గాయాన్ని కప్పేస్తాయి. తర్వాత ఆ చర్మం కింద ప్రతి పుల్ల చివరా ఒక చిన్న మొగ్గ లాంటిది తయారవుతుంది, దాన్ని బ్లాస్టెమా అంటారు. ఎముకని తయారుచేసే కణాలు అప్పటిదాకా చేస్తున్న పని ఆపేసి, కాస్త వెనక్కి, చిన్నతనంలోకి వెళ్ళినట్టు అయిపోయి, గబగబా రెట్టింపు అవుతూ ఆ మొగ్గలోకి చేరతాయి, కానీ తాము ఎవరో మాత్రం మర్చిపోవు, ఎముక నుంచి వచ్చిన కణం మళ్ళీ ఎముకే కడుతుంది, రంగు కణం రంగే ఇస్తుంది. 28 డిగ్రీల నీళ్ళలో జీబ్రా ఫిష్ తోక రెండు మూడు వారాల్లో దాదాపు మొత్తం వచ్చేస్తుంది.

ఇందులో నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. తోకని మొదలు దగ్గర కత్తిరిస్తే వేగంగా పెరుగుతుంది, చివర కొంచెం కత్తిరిస్తే మెల్లగా పెరుగుతుంది, అంటే ఎంత పోయిందో ఆ చోటుకి తెలుసన్నమాట. ఈ సంగతిని 1900 ప్రాంతంలోనే థామస్ హంట్ మోర్గాన్ గమనించాడు, ఆయనే తర్వాత పండు ఈగల మీద జన్యువుల పని చేసి 1933లో నోబెల్ తీసుకున్నాడు. తెగిన చోటుకి ఆ లెక్క ఎలా తెలుస్తుంది అనేదాని మీద ఇప్పటికీ పరిశోధనలు నడుస్తూనే ఉన్నాయి.

మరి ఇంత చక్కగా పెరిగేదాన్ని ఏది ఆపుతుంది? ఎక్కువగా నీళ్ళే. చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతూనే ఉంటుంది, తినకుండా అడుగున కుళ్ళిన మేత నుంచి ఇంకొంచెం వస్తుంది. బాగా కుదురుకున్న ట్యాంకులో ఫిల్టర్ స్పాంజికి పట్టి ఉండే మంచి బాక్టీరియా ఈ అమ్మోనియాని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చేస్తాయి, చిన్న గాజు గిన్నెలో ఆ బాక్టీరియాకి చోటే లేదు. పైగా పీహెచ్, అంటే నీళ్ళలో ఆమ్ల గుణం ఎక్కువో క్షార గుణం ఎక్కువో చెప్పే అంకె, దాని సంగతి చాలామంది పట్టించుకోరు. అమ్మోనియాలో బాగా విషపూరితమైన రూపం 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే వందలో అర వంతు పైన మాత్రమే, అదే పీహెచ్ 8 అయితే వందలో 5 వంతులు దాటుతుంది. అంటే టెస్ట్ కిట్‌లో అదే రంగు వచ్చినా ఒక ఇంట్లో చేపకి పర్లేదు, ఇంకో ఇంట్లో అంతకి పదింతలు విషం. బోరు నీళ్ళు వాడేవాళ్ళు పీహెచ్ ఒకసారి తప్పకుండా చూసుకోండి.

ఫైటర్ గిన్నెలో కూడా బతుకుతుంది కదా అని చాలామంది అంటారు, ఆ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. అది నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు, మన కొరమీను పీల్చుకున్నట్టే, రెండూ దూరపు చుట్టాలు కూడా. గాలి పీల్చుకోగలిగినంత మాత్రాన అమ్మోనియా మంట తగ్గదు కదా. థాయ్‌లాండ్‌లో ఇవి వరి పొలాల్లో, చిత్తడి నేలల్లో పుట్టి పెరిగిన చేపలు, అక్కడ నీళ్ళు లోతు తక్కువే కానీ చోటు చాలా ఉంటుంది.

నీలూకి నేను చేసింది ఇంతే. ముందు కారణం వెతికా. ట్యాంకులో ప్లాస్టిక్ మొక్క ఒకటి ఉండేది, దాన్ని బయటికి తీసి పాత నైలాన్ చున్నీ అంచుతో మెల్లగా రుద్దా, రెండో ఆకు దగ్గరే దారం పట్టుకుని లాగేసింది. చున్నీనే లాగిన ఆకు ఆ పల్చటి తోకని ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు, తీసి పారేశా. ఫిల్టర్ ధార గట్టిగా ఉంటే పొడుగు రెక్కల చేప రోజంతా దానితో పోరాడుతుంది, అందుకని ఫిల్టర్ నోటికి స్పాంజి ముక్క కట్టా. వారం రోజులు రోజూ పావు వంతు నీళ్ళు మార్చా, కొత్త నీళ్ళు అదే వేడిలో ఉండేట్టు చూసుకుని, మున్సిపాలిటీ నీళ్ళు కాబట్టి క్లోరిన్ విరిగే మందు కలిపి. డిసెంబరు కావడంతో రాత్రిళ్ళు నీళ్ళు చల్లబడిపోతున్నాయి, చిన్న హీటర్ పెట్టి 27 డిగ్రీల దగ్గర ఉంచా, చల్లటి నీళ్ళలో కణాలు రెట్టింపయ్యే వేగం పడిపోతుంది మరి. మేత రోజుకి రెండుసార్లు, రెండు మూడు గింజలే. ఒక ఎండు బాదం ఆకు కడిగి వేశా, నాటు బాదం చెట్టుది, దాంట్లోంచి దిగే టానిన్లు అనే వగరు పదార్థాలకి బాక్టీరియాని అణిచే గుణం ఉందని ల్యాబ్ పరీక్షల్లో తేలింది, కానీ దాన్నే మందు అనుకుని నీళ్ళు మార్చడం మానేస్తే లాభం లేదు.

ఉప్పు వెయ్యాలా అని చాలామంది అడుగుతారు. ఏ కలుపూ లేని కల్లుప్పు 4 లీటర్లకి ఒక టీస్పూను, విడిగా కరిగించి, పది రోజులకి మించకుండా వెయ్యొచ్చు. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు బయటి నీటి కన్నా ఎక్కువ, గాయం ఉంటే అది కారిపోతూ నీళ్ళు లోపలికి చొరబడతాయి, నీళ్ళలో కాస్త ఉప్పుంటే ఆ శ్రమ తగ్గుతుంది.

అయితే చిరగడం వేరు, కుళ్ళడం వేరు. అంచు శుభ్రంగా ఉంటే చిరుగు. అంచు నల్లగానో ఎర్రగానో మారి రోజురోజుకీ ఒంటి వైపు జరుగుతూ ఉంటే అది ఫిన్ రాట్, ఏరోమోనాస్ లాంటి బాక్టీరియా పని, ఇవి నీళ్ళలో ఎప్పుడూ ఉండేవే, చేప నీరసపడ్డాకే పైకి ఎక్కుతాయి. నీళ్ళు బాగుచేసినా నాలుగైదు రోజుల్లో ఆగకపోతే అప్పుడు మందు, అది కూడా చేపని వేరే డబ్బాలోకి మార్చి, చేపల సంగతి తెలిసిన వెటర్నరీ డాక్టర్ ఎంత చెప్తే అంత, మధ్యలో ఆపకుండా. యాంటీబయాటిక్ ట్యాంకులోనే పోస్తే ఫిల్టర్‌లోని మంచి బాక్టీరియా కూడా చచ్చి మళ్ళీ అమ్మోనియా పెరగొచ్చు, ఆ రోజు సీసాలు ముట్టుకోకపోవడానికి కారణం ఇదే. రాట్ రెక్క మొదలు దాటి ఒంట్లోకి వెళ్ళిపోతే మొగ్గ తొడగడానికి పుల్లే మిగలదు, అందుకే ఆలస్యం చెయ్యకూడదు.

కొన్ని ఫైటర్లు తమ తోక తామే కొరుక్కుంటాయి, పొద్దున చూస్తే గుండ్రటి ముక్క పోయి ఉంటుంది. అడవి ఫైటర్‌కి ఇంత పొడుగు తోక ఉండదు, ఇది మనుషులు ఏరి ఏరి పెంచగా వచ్చింది. 2022లో వచ్చిన జన్యు పరిశోధన ప్రకారం మనుషులు వీటిని పెంచడం మొదలుపెట్టి కనీసం 400 ఏళ్ళయింది. అంత బరువు వెనకాల ఈడ్చుకుంటూ తిరిగే చేపకి దగ్గర్లో ఆనుకుని పడుకోవడానికి ఒక వెడల్పాటి ఆకైనా ఉండాలి. ప్లాస్టిక్ మొక్క చోట ఇప్పుడు అనూబియాస్ అనే నీటి మొక్క పెట్టాం, రాత్రి దాని మీదే పడుకుంటుంది.

అయిదో రోజు రాత్రి టార్చ్ వేసి చూస్తే తోక అంచున సన్నటి తెల్లని గీత కనపడింది, ఫంగస్ వచ్చిందేమోనని గుండె జారిపోయింది. దగ్గరగా చూస్తే దూది లాగా నూగు లేదు, ఉల్లిపొర లాగా నున్నగా, అవతలి గులకరాళ్ళు కనపడేంత పారదర్శకంగా ఉంది. అదే కొత్త రెక్క, రంగు కణాలు ఇంకా చేరలేదంతే. మూడో వారానికి చీలికలు మూసుకున్నాయి, పోయిన ముక్క నిండటానికి రెండు నెలలు పట్టింది. ఒక పుల్ల కాస్త వంకరగా వచ్చింది, ఇప్పటికీ టార్చ్ వేస్తే పాత నీలం ఎక్కడ ఆగిందో, లేత నీలం ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు కనపడుతుంది.