పికప్‌తో ట్రైలర్ లాగడం: అపోహలు, వాస్తవాలు

డాలస్ దగ్గర ట్రైలర్లు అద్దెకిచ్చే షాపులో హిచ్‌లు, అంటే ట్రైలర్‌ని బండికి తగిలించే కొక్కేలు, బిగించడం నా పని. టకోమానో రేంజరో ఏదో ఒక పికప్ వేసుకొచ్చే మనవాళ్ల దగ్గర రోజూ వినే మాటలివి.

అపోహ: బ్రోషర్‌లో లాగే శక్తి 6,500 పౌండ్లని ఉంది, 5,000 పౌండ్ల ట్రైలర్ ఒక లెక్కా?

వాస్తవం: లాగే శక్తి కంటే ముందు మోసే శక్తి అయిపోతుంది. డ్రైవర్ తలుపు తీస్తే పక్కన పసుపు గీతతో తెల్ల స్టిక్కర్ కనిపిస్తుంది. మనుషులు, సామాను కలిపి ఎంత బరువు దాటకూడదో దాని మీదే ఉంటుంది. మొన్న వచ్చిన ఒకాయన బండికి 1,150 పౌండ్లు. 5,000 పౌండ్ల ట్రైలర్‌కి టంగ్ వెయిట్ (ట్రైలర్ ముందు కొన హిచ్ మీద మోపే బరువు) 12 శాతం వేసుకున్నా 600 పౌండ్లు హిచ్ మీదే పడతాయి. హిచ్ సామాను 50, ఇంట్లో నలుగురూ కలిపి 500. అక్కడికి సరి! ఇక ఐస్ బాక్సు పెట్టడానికి కూడా లేదు. బ్రోషర్ అంకెకి ముందు సీట్లలో ఇద్దరే, ఒక్కొక్కరు 150 పౌండ్లే అని లెక్క. ఆయన చివరికి 3,500 పౌండ్ల ట్రైలర్ తీసుకెళ్లారు. నాకు మనసు కుదుటపడింది.

అపోహ: సామానంతా ట్రైలర్ వెనక్కి సర్దితే బండికి భారం తగ్గుతుంది.

వాస్తవం: ఎద్దుల బండి తోలినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. వెనక బరువెక్కితే కాడి లేచి ఎద్దుల మెడ పట్టేస్తుంది. ఇక్కడైతే హైవే మీద ట్రైలర్ పాములా ఊగుతుంది. సామానులో 60 శాతం ముందు సగంలో ఉంచి, టంగ్ వెయిట్ 10-15 శాతం వచ్చేలా చూసుకోండి. ఊగడం మొదలైతే బండి బ్రేక్ గట్టిగా తొక్కొద్దు, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పొద్దు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకుల్ని బండిలోంచి వేసే పరికరం) మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే మెల్లగా వేయండి. కంట్రోలర్ బిగించగానే ఆ మీట ఎక్కడుందో చీకట్లో కూడా చెయ్యి పడేలా అలవాటు చేసుకోమంటాను.

అపోహ: ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరిస్తే పాడైనట్టే.

వాస్తవం: గ్యాస్ ఇంజిన్, అంటే మన పెట్రోల్ ఇంజిన్, బలమంతా ఎక్కువ ఆర్పీఎంలోనే, అంటే వేగంగా తిరిగేటప్పుడే, ఉంటుంది. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) లేని వీ6కి, అంటే ఆరు సిలిండర్ల ఇంజిన్‌కి, మరీను. అరవనివ్వండి, వేడి ముల్లు మీద కన్నుంచండి. టర్బో లేకపోతే ప్రతి 1,000 అడుగుల ఎత్తుకి దాదాపు 3 శాతం బలం తగ్గుతుంది. కొలరాడోలో ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంది. అక్కడికి చేరేసరికి సుమారు మూడో వంతు బలం ఉండదు. డెన్వర్ వైపు దిగేటప్పుడూ తక్కువ గేర్‌లోనే రండి. బ్రేకుల్లోంచి కాలిన వాసన వస్తే పక్కకి ఆపి చల్లారనివ్వండి.