పెంగ్విన్లని చూడబోయే పిల్లలకి, బట్టల గురించి

కావలి

చిట్టితల్లికి, బుజ్జిబాబుకి అమ్మమ్మ ఆశీస్సులు.

డిసెంబర్‌లో మీరు అంటార్కిటికా ఓడ ఎక్కుతున్నారని విన్నప్పటి నుంచి నా మనసంతా అక్కడే ఉంది. ఓడవాళ్లు ఇచ్చిన బట్టల లిస్టు మీ అమ్మ నాకు వాట్సాప్‌లో పంపింది. ఏది కొనాలో ఏది అక్కర్లేదో తెలీక టెన్షన్ పడుతోంది. అమ్మతో ఫోన్‌లో మాట్లాడతాను. మీకు మాత్రం ఒక్కో బట్టా ఆ లిస్టులో ఎందుకుందో రాయాలనిపించింది. కారణం తెలిస్తే, ఎప్పుడు వేసుకోవాలో ఎప్పుడు విప్పాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

స్వెట్టర్‌లో వేడి ఉండదర్రా. థర్మామీటర్‌కి స్వెట్టర్ చుట్టి బల్ల మీద పెట్టి చూడండి, గదిలో ఎంత వేడి ఉందో అంతే చూపిస్తుంది. వేడి పుట్టేది మీ ఒంట్లో, మీరు తిన్న తిండి నుంచి. ఆ వేడిని బయటికి పోకుండా ఆపేది దారాల మధ్య చిక్కుకుని కదలకుండా ఉన్న గాలి. ఆ గాలి ఉండాల్సిన చోట తడి చేరిందా, పని చెడినట్టే. నీళ్లు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. అందుకని అక్కడ మీరు చూసుకోవాల్సింది ఒకటే: ఒళ్లు పొడిగా ఉందా లేదా అని.

మీరు వెళ్లే అంటార్కిటిక్ ద్వీపకల్పంలో డిసెంబర్ అంటే వేసవి. సున్నా డిగ్రీలకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అంటార్కిటికాలోనే ఉన్న వోస్తోక్ పరిశోధన కేంద్రంలో 1983 జులై 21న మైనస్ 89.2 డిగ్రీలు నమోదైందని చదివి చిట్టితల్లి భయపడిందట. అది ఖండం లోపల, ఎత్తైన మంచు పీఠభూమి మీద, నడి చలికాలంలో. మీరు అటు వెళ్లరు. కానీ గాలిని తేలిగ్గా తీసుకోకండి. సున్నా డిగ్రీల దగ్గర గంటకి 40 కిలోమీటర్ల గాలి కొడితే, ముఖానికి మైనస్ 7 ఉన్నట్టే ఉంటుంది.

ఇప్పుడు ఒంటికి ఆనుకుని వేసుకునే బట్ట. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యం ఇదే, మన వైపు వాళ్లు పొరబడేదీ ఇక్కడే. నూలు బట్టే ఒంటికి మంచిదని మేమే మీకు నేర్పాం. నెల్లూరు ఎండలకి అది నిజం కూడా. నూలు చెమట పీల్చుకుని తడిగా ఉంటుంది, ఆ తడి ఆరుతూ ఒంట్లో వేడిని తీసుకుపోతుంది. రోహిణి కార్తెలో కుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. మనకి ఇక్కడ సుఖమైన ఆ చల్లదనమే అక్కడ ప్రమాదం.

ఈ ఆదివారం మీరే చేసి చూడండి. నాన్న పాత నూలు బనియన్ ఒకటి, బుజ్జిబాబు క్రికెట్ టీషర్ట్ ఒకటి బకెట్‌లో ముంచి, గట్టిగా పిండి, ఫ్యాన్ కింద పక్కపక్కన ఆరేయండి. పావుగంటకోసారి ముట్టుకుని చూడండి. టీషర్ట్ పాలియెస్టర్ కాబట్టి త్వరగా ఆరిపోతుంది. బనియన్ చంకల దగ్గర, కింది అంచు కుట్టు దగ్గర ఇంకా చెమ్మగానే ఉంటుంది. ఆ చెమ్మ బనియన్‌ని మోచేతికి చుట్టుకుని ఫ్యాన్ కింద కాసేపు కూర్చోండి. నెల్లూరులోనే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. ఇక సున్నా డిగ్రీల దగ్గర ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

అందుకే లిస్టులో థర్మల్స్ అని రాశారు. పాలియెస్టర్‌వి అయినా సరే, మెరినో అనే జాతి గొర్రెల ఉన్నివి అయినా సరే, ఒంటికి అతుక్కున్నట్టు ఉండాలి. మన నెల్లూరు గొర్రె ఎత్తులో దేశంలోనే పేరున్న జాతి, కానీ దానికి ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. మన ఎండలకి ఉన్ని ఎందుకు? గొర్రెలు కాసేవాళ్ల భుజాన కనిపించే గొంగళి ఉన్ని దక్కనీ గొర్రెలది, గరుకుగా ఉంటుంది. మెరినో పోగు చాలా సన్నం కాబట్టి ఒంటికి గుచ్చుకోదు. దాదాపు తన బరువులో మూడో వంతు చెమ్మని పోగు లోపలికే పీల్చుకుని కూడా పైకి తడిగా తగలదు, త్వరగా వాసన పట్టదు. ఖరీదు ఎక్కువ. తలా ఒక్క జత మెరినో, మిగతావి పాలియెస్టర్ చాలని అమ్మకి చెప్తాను.

దాని మీద ఫ్లీస్, అంటే మెత్తగా నూగునూగుగా ఉండే పాలియెస్టర్ స్వెట్టర్. లావుపాటిది ఒకటి కాకుండా పల్చటివి రెండు కొనమనండి. రెండిటి మధ్య గాలి నిలుస్తుంది, ఉక్కపోస్తే ఒకటి విప్పేయొచ్చు. అన్నిటికీ పైన వానా గాలీ దూరని కోటు. ఇది ఓడవాళ్లే ఇస్తారని లిస్టులో ఉంది, రబ్బరు బూట్లు కూడా వాళ్లవే. నీళ్లు దూరని ప్యాంటు మాత్రం మనమే కొనాలి, దాని మీద డబ్బుకి వెనకాడొద్దు. ఒడ్డుకి వెళ్లేది రబ్బరు పడవలో, ఉప్పునీళ్లు మీద చిందుతాయి, ఒక్కోసారి నీళ్లలోకే దిగాలి. ప్యాంటు అంచు బూటు మీదుగా బయటికి ఉండాలి. లోపలికి దోపితే నీళ్లన్నీ బూటులోకే. జీన్స్ నూలే కాబట్టి ఒడ్డుకి వేసుకెళ్లొద్దు.

చెమట సంగతి మళ్లీ చెప్తున్నాను. ఓడ లోపల వెచ్చగానే ఉంటుంది. అన్నీ తొడుక్కుని లైన్‌లో నిలబడితే పడవ ఎక్కకముందే లోపల తడిసిపోతారు. జిప్ తెరిచి ఉంచండి, టోపీ బయటికొచ్చాక పెట్టుకోండి. ఒడ్డున గుట్ట ఎక్కేటప్పుడు చెమట పట్టకముందే ఒక పొర విప్పండి, పైకెళ్లి ఆగగానే వేసుకోండి. 1911 డిసెంబర్ 14న దక్షిణ ధ్రువం చేరిన నార్వే ఆయన రొవాల్ అముండ్‌సెన్ ఈ విద్యని అంతకుముందే కెనడా ఉత్తరాన ఉండే నెట్సిలిక్ ఇన్యూట్ ప్రజల దగ్గర నేర్చుకున్నాడు. వాళ్లు తోలుబట్టలు వదులుగా వేసుకుంటారు, లోపలి పొర వెంట్రుకలు ఒంటివైపు, పైపొర వెంట్రుకలు బయటికి. బడిలో ధ్రువం చేరిన తేదీ చెప్తారు గానీ ఈ సంగతి చెప్పరు. నాకు ఇదే గొప్పగా అనిపిస్తుంది.

చేతులకి లోపల పల్చటి గ్లౌజులు, పైన నాలుగు వేళ్లూ ఒకే గూటిలో ఉండేవి. వేళ్లు కలిసుంటేనే వెచ్చగా ఉంటాయి. బూటు బిగుసుకుపోయేలా రెండు జతల సాక్సులు వేయొద్దు, రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. మంకీ క్యాప్ ఉన్నిదైతే తీసుకెళ్లండి. నల్లకళ్లద్దాలు, సన్‌స్క్రీన్ మర్చిపోవద్దు, మంచు మీద ఎండ కళ్లకి కొడుతుంది.

చివరగా మీరే చేయాల్సిన పని. ఒడ్డుకి దిగేముందు ఓడవాళ్లు మీ జేబులు, బ్యాగులు, వెల్‌క్రో పట్టీలు చూస్తారు, బూట్లు మందు నీళ్లలో కడిగిస్తారు. మన గింజ ఒక్కటి అక్కడ మొలకెత్తినా ఆ నేలకి చేటు. మైపాడు బీచ్‌కి వెళ్లిన ప్రతిసారీ బట్టలకి పట్టుకొచ్చే ముళ్ల గింజలు వెల్‌క్రోలో దాక్కుంటాయి, సూదితో ఒక్కొక్కటే తీయండి. బుజ్జిబాబూ, నీ నీలం బ్యాగు అడుగున వేరుశనక్కాయల పొట్టు ఉంది, నేను చూశాను. ఈ వారంలోనే తిరగేసి దులిపి ఎండలో పెట్టు.

అర్జెంటీనాలో మీరు ఓడ ఎక్కే ఊరు ఉషువాయా చేరగానే అమ్మ చేత ఫోన్ చేయించండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ